కారణం అడిగే హక్కు

"సర్వర్ డౌన్" అనేది తెలుగు మాట కాదని ఇప్పుడెవరూ అనలేరు. శ్రీకాకుళం నుంచి విజయనగరం దాకా ఏ కార్యాలయం గుమ్మంలో నిలుచున్నా అది వినపడుతుంది. మెళియాపుట్టి కొండవారం నుంచి ధ్రువపత్రం కోసం బస్సెక్కి వచ్చినవాడు ఆ మాట విని వెనక్కు పోతాడు. వేలిముద్ర పడని ముసలమ్మ రేషను సంచీ మడత పెట్టి చంకన పెట్టుకుంటుంది. ఎందుకు డౌనయిందని వాళ్లు అడగరు. అడిగినా చెప్పగలవాడు అక్కడ లేడు.

వెనకటి గుమాస్తా "ఫైలు కనపడటం లేదు" అనేవాడు. అది అబద్ధమే కావచ్చు. కాని ఆ అబద్ధానికి ఒక కర్త వుండేవాడు. ఫైలు ఎవరో పెట్టారు, ఎవరో తీశారు. తగువు పెట్టుకోవటానికి ఒక మనిషి దొరికేవాడు. "సర్వర్ డౌన్" అనే వాక్యానికి కర్త లేడు. వాన కురిసినట్టూ, గాలి వీచినట్టూ సర్వరు డౌనవుతుంది. తరతరాలుగా "ఖర్మ" అనే మాట చేస్తూ వచ్చిన పనిని ఈ రెండు ఇంగ్లీషు ముక్కలు ఇవాళ మహా చక్కగా చేస్తున్నాయి.

యంత్రం చెడటం సాంకేతికమైన సంగతి, ఇందులో నీతి ప్రసక్తి ఎక్కడిదని కొందరనవచ్చు. మా కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పే మిత్రుడొకరు అననే అన్నారు: "ఆపి మళ్లీ వేస్తే పనిచేస్తోంది కదండీ, ఇంకా ఆరాలెందుకు?" అని. ఈ వాదాన్ని అంత తేలిగ్గా తోసెయ్యకూడదు. జ్వరం వచ్చినవాడికి ముందు జ్వరం తగ్గాలి, శాస్త్రం తర్వాత. పరీక్ష ఫీజు కట్టటానికి ఆఖరి గంటలో కంప్యూటరు ముందు కూర్చున్న పిల్లవాడికి కార్యకారణ సంబంధం మీద ఉపన్యాసం ఇచ్చేవాడు దుర్మార్గుడే. అయితే ఆపి మళ్లీ వెయ్యటంలో మరో సంగతి వున్నది. యంత్రం ఆగిపోయిన క్షణాన దాని జ్ఞాపకంలో వున్న సాక్ష్యమంతా ఆ ఒక్క నొక్కుతో తుడిచిపెట్టుకు పోతుంది. పోలీసులు రాకముందే నేరం జరిగిన గదిని కడిగినట్టు. రేపు మళ్లీ అదే జబ్బు వస్తే మన దగ్గర వుండేది నిన్నటి అజ్ఞానమే.

ఇంకొకటి కూడా గమనించాలి. కారణం తెలియని చోట నింద ఊరికే పడివుండదు. అది మెట్టు మెట్టుగా కిందికి జారి, అందరికన్నా కింద వున్నవాడి మీద నిలుస్తుంది. కంప్యూటరు చెడిందంటే ఆపరేటరు చెడగొట్టాడు. ఆపరేటరు లేకపోతే అటెండరు దుమ్ము దులుపుతూ ఏదో కదిపేశాడు. ఆ యంత్రాన్ని కొన్నవారి మీదికి, దాని మరమ్మతుకు డబ్బివ్వనివారి మీదికి, దాని ప్రోగ్రామును తాళం వేసి అమ్మినవారి మీదికి నింద ఎన్నడూ పోదు. కారణం కనుక్కోవటం సత్యానికి సంబంధించిన పని అయినంత మాత్రాన అది న్యాయానికి సంబంధించని పని కాబోదు.

తాళం అన్నాను గనక ఆ కథ కొంచెం చెప్పాలి. 1980 ప్రాంతంలో అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో కృత్రిమ మేధ ప్రయోగశాలకు జెరాక్స్ కంపెనీ ఒక లేజర్ ప్రింటరు ఇచ్చింది. ప్రింటరుకూ కంప్యూటర్లకూ మధ్య దూరం. కాగితం ఇరుక్కుపోతే ఎవరికీ తెలిసేది కాదు. పాత ప్రింటరుకు ఈ జబ్బు వున్నప్పుడు రిచర్డ్ స్టాల్మన్ అనే ప్రోగ్రామరు దాని ప్రోగ్రాములో మార్పు చేసి, కాగితం ఇరుక్కోగానే ఎదురుచూస్తున్న వారందరికీ కబురు పోయేటట్టు చేశాడు. కొత్త ప్రింటరు ప్రోగ్రాము మూలపాఠం కంపెనీ ఇవ్వలేదు. అది వున్న మరో విశ్వవిద్యాలయపు వ్యక్తిని వెళ్లి అడిగితే, ఎవరికీ ఇవ్వనని కంపెనీకి రాసి ఇచ్చానన్నాడు. ఇరుక్కున్నది కాగితం; దాన్ని తీసే తెలివి వున్నది, చేతులున్నాయి; అడ్డుపడింది ఒక ఒప్పందం. 1983లో స్టాల్మన్ "గ్నూ" అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు కృషిని ప్రకటించాడు. 1991లో హెల్సింకీలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ లినక్సు అనే కెర్నెలును, అనగా యంత్రానికీ మిగిలిన ప్రోగ్రాములన్నిటికీ మధ్య వుండి పని నడిపించే భాగాన్ని రాయటం మొదలుపెట్టి, మరుసటి సంవత్సరం గ్నూ లైసెన్సు కింద అందరి పరం చేశాడు. చూడవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు; పంచేటప్పుడు ఈ హక్కులు అవతలివాడికీ ఇచ్చి తీరాలి అనేది ఆ లైసెన్సు సారాంశం. నేటి ప్రపంచంలో సర్వర్లు చాలా భాగం దీని మీదనే నడుస్తున్నాయి. మహా సంస్థల భవనాలకు పునాదిరాళ్లు మోసినవారిలో జీతం లేని కూలీలు ఎందరో వున్నారు. ఆ మాట తర్వాత.

మా కళాశాలలో పాత కంప్యూటర్ల గది ఒకటి వున్నది. తెలుగు చెప్పేవాడికి ఆ గదితో పనేమిటంటే, ఎవరికీ అక్కరలేని బాధ్యతలు భాషాశాఖకు రావటం మన కళాశాలల ఆచారం. ఆ యంత్రాలు కొత్త విండోసుకు చాలవు. విండోస్ పదికి 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ఆగిపోయింది. విండోస్ పదకొండు కావాలంటే యంత్రంలో ఫలానా భద్రతా చిప్పు వుండాలన్నారు. నిన్నటిదాకా లెక్కలు చేసిన యంత్రం ఒక ప్రకటనతో చెత్త అయింది! మా గది అంతకుముందే లినక్సుకు మారింది గనక మాకా బాధ తగల్లేదు. కాని వేరే బాధలు లేవని కాదు. లినక్సు పెడితే యంత్రం చెడదని చెప్పేవాడు అబద్ధాలకోరు. చెడుతుంది; కాకపోతే ఎందుకు చెడిందో అడిగితే ఎక్కడో ఒకచోట జవాబు రాసివుంటుంది.

వేసవి సెలవుల తర్వాత గది తెరిచిన రోజున ఒక విచిత్రం జరిగింది. ఒక యంత్రంలో కొన్ని వెబ్‌సైట్లు వస్తున్నాయి, కొన్ని రావటం లేదు. "ఈ చోటు నమ్మదగింది కాదు" అని తెర మీద ఎర్రగా హెచ్చరిక. పక్క యంత్రంలో అన్నీ వస్తున్నాయి. వైరసన్నారు ఒకరు, నెట్ కంపెనీ మోసమన్నారు ఇంకొకరు. మా అటెండరు, కళింగపట్నం వైపు మనిషి, తెర మూలన చూసి అన్నాడు: "మేష్టారూ, దీనికి తేదీ తెల్దండి. అందికే ఎవుల్నీ నమ్మట్లేదు."

అతను చెప్పింది అక్షరాలా నిజం. అప్పుడు జూన్, యంత్రం ఏప్రిల్లోనే వున్నది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి వుంటుంది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అది చచ్చిపోయినా, గోడ ప్లగ్గులో కరెంటు వున్నంత కాలం లోపం బయటపడదు. సెలవులకు మెయిన్ ఆపి తాళం వేశాం, గడియారం ఆగింది. లినక్సు తనకు జ్ఞాపకమున్న చివరి తేదీ నుంచి మళ్లీ బయలుదేరింది. కళాశాల నెట్‌వర్కులో బయటినుంచి సరైన సమయం తెచ్చుకునే దారి మూసివున్నది. ఇక ప్రతి వెబ్‌సైటు దగ్గరా ఒక ధ్రువపత్రం వుంటుంది, దానికి మొదటి తేదీ, ఆఖరి తేదీ వుంటాయి. మే నెలలో ధ్రువపత్రం మార్చుకున్న సైట్లు ఏప్రిల్లో వున్న యంత్రానికి ఇంకా పుట్టనివాళ్లుగా కనపడ్డాయి. మార్చుకోనివి మామూలుగా వచ్చాయి. కొత్త బ్యాటరీతో తగువు తీరింది.

దీన్ని ఇంత వివరంగా చెప్పటానికి కారణముంది. ఇక్కడ ప్రతి మెట్టూ అర్థమయ్యేదే. కంప్యూటరు శాస్త్రం చదివి వుండాల్సిన అవసరం లేదు. కాలం వెనకబడినవాడు కొత్తవాటిని నమ్మడనే సంగతి సాహిత్య విద్యార్థికి కొత్తా? అయినా ఆ అటెండరు మాట్లాడేదాకా చదువుకున్నవాళ్లమందరం వైరసు దయ్యాన్ని పట్టుకు కూర్చున్నాం. చేతితో పనిచేసేవాడికీ తలతో పనిచేసేవాడికీ మధ్య మన సమాజం కట్టిన గోడ ఎంత మందమో కంప్యూటరు గదిలో తెలిసినంతగా తరగతి గదిలో తెలియదు.

అతనిదే ఇంకో విద్య వున్నది. వానాకాలంలో కొన్ని యంత్రాలు వెలగవు, కీచుకీచుమని మొత్తుకుంటాయి. అతను పెట్టె విప్పి, ర్యాము పలకను ఊడదీసి, దాని అంచున వున్న పసుపుపచ్చని గీతలను పిల్లల రబ్బరుతో నెమ్మదిగా రుద్ది, మళ్లీ గుచ్చుతాడు. మాది సముద్రపు గాలి తగిలే ఊరు. ఉప్పూ తేమా ఆ గీతల మీద పొర కడతాయి. రబ్బరు పొడి లోపల పడితే కొత్త చిక్కులొస్తాయని, స్పిరిటుతో తుడవటమే పద్ధతని పుస్తకం చదివిన కుర్రవాళ్లు అతనితో వాదిస్తారు. వాళ్లదీ సబబే. ఇప్పుడతను రబ్బరుతో రుద్దాక స్పిరిటుతో తుడుస్తున్నాడు. బజారులో ఇదే జబ్బుకు "మదర్‌బోర్డు పోయింది" అని బిల్లు రాసే దుకాణాలుంటాయి. పెట్టె విప్పి చూడటం తెలియనివాడు ఆ బిల్లు కట్టవలసిందే.

మూడో సంగతి సర్వరుది. గ్రంథాలయం జాబితా నడిచే చిన్న సర్వరు ఒకనాడు ఎవరినీ లోపలికి రానివ్వటం మానేసింది. చూస్తే డిస్కు నిండిపోయింది. నింపింది పుస్తకాలు కావు, ఫిర్యాదులు! ఎప్పుడో తీసేసిన ప్రింటరు కోసం ఒక ప్రోగ్రాము క్షణక్షణం వెతికి, దొరకలేదని చిట్టాలో రాసి, మళ్లీ వెతికి, మళ్లీ రాసి, ఇల్లంతా నింపేసింది. పిల్లలు ఆ చిట్టాను చెరిపేశారు. చెరిపినా చోటు రాలేదు. రాస్తున్న ప్రోగ్రాము ఆ చిట్టాను ఇంకా తెరిచి పట్టుకునే వున్నది. అది వదిలేదాకా పేరు పోతుంది గాని స్థలం పోదు. చట్టం మాఫీ చేసినా షావుకారి చేతిలో పత్రం వున్నంత కాలం అప్పు తీరని మన రైతుల సంగతి పిల్లలకు నేను వేరే చెప్పనక్కరలేకపోయింది. ఆ ప్రోగ్రామును ఆపగానే చోటు వచ్చింది. ఈ రోగాలకు వైద్యం లినక్సులో గుప్తవిద్య కాదు. డిస్కు ఎంత నిండిందో చెప్పటానికొక ఆజ్ఞ, చిట్టా చదవటానికొకటి, ఏ ఫైలును ఎవరు పట్టుకున్నారో చెప్పటానికి మరొకటి వున్నాయి.

తెరిచి వుంచటం, మూసి వుంచటం అనే రెంటికీ తేడా పెద్ద ఎత్తున చూడదలచినవారికి రెండు ఉదాహరణలు చాలు. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ కంపెనీ ఫోన్లను ఒక తెలుగు అక్షరం కూల్చేసింది. ఆ అక్షరం "జ్ఞా". మామూలుగా మనం జ్ఞానమని రాసేటప్పుడు రాని, కంటికి కనపడని విడదీసే గుర్తొకటి అందులో ఒత్తుకూ దీర్ఘానికీ మధ్య దూరింది. అటువంటి సందేశం వస్తే దాన్ని చూపబోయిన యాప్ పడిపోయేది. ప్రపంచమంతా దాన్ని తెలుగు బగ్గని పిలిచింది. లోపం కంపెనీది, పేరు మన భాషది! మనీష్ గోరేగావ్‌కర్ అనే ప్రోగ్రామరు బయటినుంచే పరీక్షలు చేసి, ఇది తెలుగొక్కదానిది కాదు, బెంగాలీ దేవనాగరి కూడికలకూ వర్తిస్తుందని చూపాడు. కాని బయటినుంచి చెయ్యగలిగింది అంతవరకే. కోట్లమంది తెలుగువాళ్లలో ఎంత ప్రవీణుడున్నా ఆ ఫోనులో తన అక్షరాన్ని తాను బాగుచేసుకోలేడు. కంపెనీ సవరించి పంపేదాకా కాచుకున్నాం.

రెండోది 2024 మార్చిది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన లినక్సు యంత్రంలోకి దూరంనుంచి ప్రవేశించటానికి మునుపటికన్నా అర సెకను ఎక్కువ పడుతోందని గమనించాడు. అర సెకను! ఆపి మళ్లీ వేసే మనస్తత్వం వున్నవాడైతే కాఫీ తాగి మర్చిపోయేవాడు. అతను కారణం వెతికాడు. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న ఉపకరణంలో ఎవరో దొంగదారి పెట్టారని తేలింది. అది బయటపడక పోయివుంటే లెక్కలేనన్ని సర్వర్లు దొంగల పరమయ్యేవి. మూలపాఠం అందరి ముందూ వున్నది గనక అతను వెతకగలిగాడు. అతను మైక్రోసాఫ్టు వుద్యోగి అన్న సంగతి దాచటం న్యాయం కాదు; మంచి అంతా ఒకవైపూ చెడ్డంతా మరోవైపూ వుంటాయనుకునేవారికి ఇది అసౌకర్యంగా వుంటుంది.

ఇదే ఉదంతం స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు భక్తులకు కూడా అసౌకర్యమైనదే. ఆ దొంగదారి ఎట్లా వచ్చింది? ప్రపంచమంతా వాడే ఆ ఉపకరణాన్ని ఏళ్ల తరబడి కనిపెట్టుకుని వున్నది ముఖ్యంగా ఒకే ఒక్క మనిషి, తీరిక వేళల్లో, జీతం లేకుండా. అలిసిపోయిన ఆ మనిషికి సహాయం చేస్తానని ఒక మారుపేరువాడు వచ్చి, రెండేళ్లకు పైగా మంచి పని చేసి నమ్మకం సంపాదించి, తర్వాత గొయ్యి తవ్వాడు. 2014లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ లోపం కథ కూడా ఇటువంటిదే: ప్రపంచపు రహస్యాలకు కాపలా కాసే ప్రోగ్రామును కొద్దిమంది అరకొర నిధులతో నడుపుతుండేవారు. ఊరుమ్మడి చెరువులో నీళ్లు అందరూ తోడుకుంటారు. పూడిక తియ్యటానికి మాత్రం ఎవరూ రారు. పెద్ద పంపులు పెట్టి తోడుకునేవారు అసలే రారు. మూలపాఠం స్వేచ్ఛగా వుండటమూ, దాన్ని రాసినవాడి శ్రమ ఉచితంగా వుండటమూ ఒకటేనన్న భ్రమ ఎవరికి లాభం? ఈ ప్రశ్న మన పత్రికల్లో రావలసినంతగా రాలేదు.

తలుపు తెరిచి వుంటే చాలునా అన్నది దీనికన్నా మనకు దగ్గరి ప్రశ్న. లినక్సు కారణం చెబుతుంది నిజమే, ఏ భాషలో చెబుతుంది? ఇంగ్లీషులో, అదీ పొడి పొడి సాంకేతిక ముక్కల్లో. అర్థంకాక అడిగినవాడితో "ముందు పుస్తకం చదువుకో పో" అనే దురాచారం ఈ విద్య తెలిసినవారిలో ఒకప్పుడు బలంగా వుండేది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఈ మాట మన జిల్లాలవారు ఇంతకుముందొకసారి విన్నదే. తెలుగు రాయాలంటే ముందు బాలవ్యాకరణం చదువుకు రమ్మన్నారు పండితులు. గురజాడ 1914లో అసమ్మతి పత్రం రాసింది ఆ దర్పం మీదనే. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి ఇంకో అడుగు ముందుకు వేశారు. సవరలను తెలుగు నేర్చుకు రమ్మనకుండా తానే సవర భాష నేర్చుకుని, ఆ భాషలో పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో వాళ్లకు బళ్లు పెట్టించారు. విద్య తెలిసినవాడు తెలియనివాడి దగ్గరికి నడవాలనే న్యాయం ఆయనది.

తెలుగులో తెర కనపడేటట్టు చెయ్యటానికి కృషి జరగలేదని కాదు. హైదరాబాదులో "స్వేచ్ఛ" సంస్థవారూ, ఇతర స్వచ్ఛంద అనువాదకులూ చాలా చేశారు. దానికి కృతజ్ఞతలు చెబుతూనే ఒక మాట అనాలి. "అనుమతి నిరాకరించబడినది" అని తెర మీద చదివితే మా విద్యార్థి ఇంకా బెదురుతాడు. "ఈ ఫైలు ముట్టుకోటానికి నీకు పర్మిషన్ లేదు" అంటే వెంటనే "ఎవరికుంది?" అని అడుగుతాడు. ఆ రెండో ప్రశ్నే మనకు కావలసింది. ఇంగ్లీషు తాళాన్ని తీసేసి గ్రాంథికం తాళం వెయ్యటం వల్ల సామాన్యుడికి ఒరిగేదేమీ లేదు.

మా గదిలో ఇప్పుడొక రూళ్ల పుస్తకం పెట్టాం. యంత్రానికి ఏం జరిగింది, కారణమేమిటి, ఏం చేశాం అన్నది ఎవరి మాటల్లో వాళ్లు రాయాలి. తప్పులు దిద్దటానికి తెలుగు మాస్టరుకు అధికారం లేదని మొదటి పేజీలోనే రాశారు. "ఫ్యాను గొంతులో దుమ్ము", "తీగ వదులు, డిస్కుది తప్పు కాదు" వంటి వాక్యాలున్నాయి. రెండుచోట్ల "కారణం తెలవలేదు" అని రాసి వున్నది. ఆ పేజీలు కూడా నాకు ముచ్చటగానే వుంటాయి. తెలియనిదాన్ని వైరసని రాయలేదు గదా.

ఒక పేజీ మాత్రం మిగిలినవాటికన్నా పొడుగ్గా వున్నది. గ్రంథాలయం సర్వరు మూడోసారి దెబ్బతిన్నప్పటిది. "కరెంటు ఠక్కున పోయింది, ఫైల్ సిస్టం చెడింది, సరిచేశాం" అని ఒక విద్యార్థిని రాసింది. దాని కింద ఇంకో చేతిరాత: "యూపీఎస్ వుండగా ఎట్లా పోయింది?" దాని కింద: "యూపీఎస్ బ్యాటరీ ఏడాదిగా చచ్చివుంది." దాని కింద: "ఎందుకు మార్చలేదు?" దాని కింద అటెండరు వంకర అక్షరాలతో: "బిల్లు పెట్టినాం. ఆపీసులో ఉండిపోనాది." ఆ కింద మొదటి అమ్మాయే మళ్లీ రాసింది: "ఏ టేబులు దగ్గర?" ఆ పేజీ నకలు తీసుకుని ఇద్దరు పిల్లలు మొన్న ఆఫీసు గదికి వెళ్లారు. సర్వరు డౌనయిందని, మళ్లీ రమ్మని అక్కడ చెప్పారట. ఎందుకు డౌనయిందో చూసి పెడతాం, లోపలికి రానివ్వండి అన్నారట వీళ్లు.